నట్టింట్లో రహస్య ఓటు

2024 ఎన్నికల్లో నాకు బూత్ డ్యూటీ పడలేదు. బళ్లో ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఎన్నికలంటే నాకు తెలిసింది ఒకటే. ముందు రోజు మెటీరియల్ తీసుకుని బస్సెక్కడం, ఏదో ఊరి బడిలో బల్లల మీద కునుకు తీయడం, తెల్లవారుజామున లేచి మాక్ పోల్ పెట్టడం. ఈసారి ఆర్డరులో హోమ్ ఓటింగ్ టీం అని రాసి ఉంది. ఎనభై అయిదేళ్లు దాటినవాళ్లు, నలభై శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లు బూత్‌కు రాలేమని ముందుగా 12డి ఫారం నింపి ఇచ్చి ఉంటే, మేమే వాళ్ల ఇంటికి వెళ్లి పోస్టల్ బ్యాలెట్ మీద ఓటు వేయించి, ఆ కవర్లు తెచ్చి రిటర్నింగ్ ఆఫీసుకు అప్పగించాలి. లోక్‌సభ ఎన్నికల్లో ఇలా దేశమంతటా చేయడం అదే మొదలు.

అంతకు ఆరు నెలల ముందు తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో ఈ వయసు ఎనభై. 2024 మార్చిలో నిబంధన మార్చి ఎనభై అయిదు చేశారు. ఎనభై అయిదు దాటిన ఓటర్లు దేశంలో 82 లక్షల మంది ఉన్నారని, నూరేళ్లు దాటినవాళ్లే 2.18 లక్షల మందని షెడ్యూలు ప్రకటించిన రోజు ఎన్నికల సంఘం చెప్పింది. అంకె అంత పెద్దదైనప్పుడు ఎక్కడో ఒకచోట గీత గీయాలి, నిజమే. కానీ ఆ గీత ఒక్కోసారి ఒక ఇంటి మధ్యలోంచే పోయేది. ఒకచోట పెద్దాయనకు ఎనభై ఆరు, ఆయన భార్యకు ఎనభై ఒకటి. ఆయన మంచం మీద కూర్చుని ఓటేశారు. మోకాళ్లు పట్టేసి గడప దాటలేని ఆవిడ మాత్రం పోలింగ్ రోజు, మే పదమూడో తేదీన, బడి దాకా వెళ్లాలి. "ఆయన నాకంటే గట్టిగానే నడుస్తారమ్మా" అందావిడ. నా దగ్గర జవాబు లేదు.

శిక్షణలో ఎక్కువసేపు చెప్పింది కవర్ల గురించే. ఓటరు బ్యాలెట్ మీద తనకు కావలసిన పేరు ఎదురుగా పెన్నుతో టిక్కో ఇంటూ గుర్తో పెట్టి, మడిచి, 13బి అనే చిన్న కవర్లో పెట్టి అంటిస్తారు. 13ఏ అనేది డిక్లరేషన్. ఈ నంబరు బ్యాలెట్ నాకే ఇచ్చారు, నేనే ఓటరుని అని ఓటరు సంతకమో వేలిముద్రో పెడితే, మా ఎదుట పెట్టారని మేము అటెస్ట్ చేస్తాం. చిన్న కవరు, డిక్లరేషన్, రెండూ కలిపి 13సి అనే పెద్ద కవర్లోకి. మనకు ఆంధ్రప్రదేశ్‌లో పార్లమెంటు, అసెంబ్లీ ఒకేసారి కాబట్టి అన్నీ రెండేసి. తెల్ల బ్యాలెట్ పార్లమెంటుది, గులాబీ రంగుది అసెంబ్లీది.

లెక్కింపు రోజు ముందు పెద్ద కవరు విప్పుతారు. డిక్లరేషన్ ఉందా, సంతకాలున్నాయా, దాని మీద నంబరూ చిన్న కవరు మీద నంబరూ ఒకటేనా అని చూస్తారు. ఏ ఒక్కటి తేడా వచ్చినా చిన్న కవరు విప్పకుండానే ఓటును తిరస్కరిస్తారు. అన్నీ సరిపోతే డిక్లరేషన్లన్నీ ఒక ప్యాకెట్లో పెట్టి సీలు వేసి, ఆ తర్వాతే చిన్న కవర్లు విప్పుతారు. ఓటు వేసిందెవరో ఒక ప్యాకెట్లో, ఎవరికి వేశారో ఇంకో కట్టలో ఉంటుంది. ఆ రెండూ మళ్లీ ఎక్కడా కలవకూడదు. ఎవరు ఆలోచించి పెట్టారో గానీ ఆ ఏర్పాటు నాకు చాలా గౌరవంగా అనిపించింది. మనిషి మీద నమ్మకం పెట్టకుండా, మనిషిని అనుమానించకుండా, రెండు కవర్లతో పని కానిచ్చేశారు.

అయితే కవరు అంటించాక జరిగేదంతా నిబంధనల్లో ఉంది. అంటించే ముందు ఆ ఇంట్లో జరిగేది మేమే చూసుకోవాలి.

మాకు పడినవి కోనసీమలో గోదావరి పాయల మధ్య ఊళ్లు. కొన్ని లంకలకు పంటు మీద దాటి వెళ్లాలి. మే మొదటి వారం. ఎండ నెత్తిన దిగకముందే బయల్దేరేవాళ్లం. నేను, ఇంకో పోలింగ్ ఆఫీసరు, మైక్రో అబ్జర్వరు, వీడియో తీసే కుర్రాడు, ఒక కానిస్టేబులు, దారి చూపడానికి ఆ ఊరి బూత్ స్థాయి అధికారి, అదే బీఎల్ఓ. అభ్యర్థులకు ముందే కబురు వెళ్తుంది కాబట్టి వాళ్ల ఏజెంట్లు కూడా వీధి మొదట్లో కలిసేవాళ్లు. అట్టతో చేసిన ఓటింగ్ కంపార్ట్‌మెంటు మడిచి కుర్రాడి మోటారు సైకిల్ వెనక కట్టేవాళ్లం.

ఇంతమంది ఒకేసారి వాకిట్లోకి వస్తే ముసలివాళ్లు అడిగే మొదటి మాట "పింఛనా?" అని. ఇంటింటికీ పింఛను తెచ్చిచ్చే వాలంటీర్లను ఎన్నికల వేళ ఆ పనికి దూరం పెట్టాక ఆ నెల పింఛను చాలామందికి బ్యాంకు ఖాతాల్లో వేశారు. బ్యాంకు దాకా వెళ్లలేనివాళ్లు గుమ్మం వంకే చూస్తూ కూర్చున్న రోజులవి. "కాదు మామ్మగారూ, ఓటు" అంటే, "ఓటు ఇంటికొచ్చేస్తుందేటి?" అని ఒకావిడ బుగ్గన వేలేసుకుంది. ఫారం కొడుకు నింపి వేలిముద్ర వేయించుకుని బీఎల్ఓకి ఇచ్చాడట, ఆవిడకు చెప్పడం మర్చిపోయాడు. బ్యాలెట్ చేతికిస్తే అటూ ఇటూ తిప్పి చూసి "ముద్ర ఏదమ్మా?" అంది. ఆవిడ చేతికి బాగా అలవాటైంది స్వస్తిక్ ముద్ర గుద్దే కాలం. తర్వాత బటన్ వచ్చింది. ఇప్పుడు పెన్ను. బతుకులో ఎప్పుడూ పెన్ను పట్టని చెయ్యి. రెండు గీతలు ఒకదాని మీద ఒకటి ఎలా గీయాలో బ్యాలెట్ మీద కాకుండా వేరే కాగితం మీద గీసి చూపించాను. ఆవిడ కూడా ఆ కాగితం మీద గీసి, ఇంకోటి గీసి, మూడోది వంకర లేకుండా వచ్చాక "ఆ, ఇప్పుడియ్యి" అంది.

మేం కూర్చోగానే చేసే మొదటి పని ఇంట్లోవాళ్లను బయటికి పంపడం. అదే అన్నిటికంటే కష్టం. బూత్‌లో ఎవరూ ఈ మాటకు నొచ్చుకోరు. అది బడి, అది సర్కారు గది, అక్కడ ఎవరి వరుసలో వాళ్లుంటారు. ఇల్లు అలా కాదు. తల్లికి అన్నం తినిపించేది, మందులు వేసేది, ఒళ్లు తుడిచేది వాళ్లే. "మా అమ్మ దగ్గర మాకు రహస్యమేంటండీ?" అని ఒక కోడలు నిజంగానే బాధపడింది. ఆవిడ మాటలో తప్పేమీ లేదు. అత్తగారిని ఆవిడ చూసుకుంటున్న తీరు కళ్లెదుటే ఉంది. ఉతికిన దుప్పటి, మంచం పక్కన మూత పెట్టిన మంచినీళ్ల చెంబు. "అమ్మా, మీరు తెచ్చి పెట్టినవన్నీ ఆవిడ తీసుకుంటున్నారు. ఇదొక్కటీ ఆవిడ సొంతంగా ఇస్తారు, రెండు నిమిషాలు" అన్నాను. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లింది. కొడుకు మాత్రం గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. కానిస్టేబులు భుజం మీద చెయ్యి వేసి "బావగారూ, రండి బయట గాలి పీల్చుకుందాం" అని తీసుకెళ్లాడు. చట్టం చెప్పి ఉంటే ఆ మనిషి కదిలేవాడు కాదు.

అట్ట కంపార్ట్‌మెంటు పెట్టడానికి బల్ల లేని ఇళ్లే ఎక్కువ. మంచం మీద వంటింటి పీట వేసి దాని మీద నిలబెట్టేవాళ్లం. వీడియో కుర్రాడు ఓటు వేసేటప్పుడు కెమెరా అటు తిప్పకూడదు, ముందూ వెనకా మాత్రమే తీయాలి. ఆ కాసేపు అతను గోడ మీద కాలెండరు వైపు తిరిగి నిలబడేవాడు. కంపార్ట్‌మెంటు వెనక ఆ పెద్దవాళ్ల తల కూడా కనిపించేది కాదు. పెన్ను కాగితం మీద కదిలే చప్పుడు వినపడేది.

ఒక పెద్దాయనకు వినపడదు. నేను చెవి దగ్గర అరిచి చెప్పాలి. ఆయన అంతకంటే గట్టిగా ఎవరికి వేయబోతున్నాడో చెప్పేశాడు. అరుగు మీద ఏజెంట్లు, పక్కింటివాళ్లు, అందరూ విన్నారు. "తాతగారూ, పైకి అనకండి!" అని సైగలు చేస్తే, "ఎందుకనకూడదు, నాకేం భయం?" అని ఇంకా గట్టిగా అన్నాడు. ఆయన ధైర్యానికి సంతోషించాను గానీ, రహస్యం అంటే భయపడేవాళ్లకే కాదు, అందరికీ ఉండాల్సిందని ఆయనకు చెప్పే వీలు లేకపోయింది. ఆ తర్వాత ఇళ్లలో ఏజెంట్లను అరుగు మీద కాకుండా వీధి అవతల నిలబడమని అడిగాం. పేచీ పెట్టకుండా వెళ్లి నిలబడ్డారు.

ఇంకో ఇంట్లో మంచం మీద ఉన్నావిడ కూతురు కువైట్‌లో ఉంటుంది. కోనసీమలో అలాంటి ఇళ్లు వీధికి రెండు మూడు. మేం వెళ్లేసరికే వీడియో కాల్‌లో ఉంది. ఫోను దిండుకి ఆనించి పెట్టారు. అమ్మ ఓటు వేస్తుంటే చూడాలని ఆ అమ్మాయి పనిలోంచి కాస్త వీలు చేసుకుంది. "ఫోన్ ఆపాలమ్మా" అన్నాను. "నేను ఎక్కడో ఉన్నాను కదండీ, చూస్తే ఏమవుతుంది?" అంది. గదిలో ఉన్న మనిషైనా, తెరలో ఉన్న మనిషైనా చూపు చూపే. "ఓటు అయిపోయాక నేనే చేసి ఇస్తాను, మాట్లాడుకోండి" అన్నాను. ఆపేసే ముందు ఆ అమ్మాయి అడిగింది: "మరి నాకెప్పుడండీ ఇలా?" విదేశాల్లో ఉన్న మన ఓటర్లకు పోస్టల్ బ్యాలెట్ లేదు. 6ఏ ఫారం ఇచ్చి పేరు నమోదు చేయించుకున్నా, పాస్‌పోర్టు పట్టుకుని సొంత ఊరి బూత్‌కు రావలసిందే. నాలుగిళ్లవతల ఒకరి మనవడు సైన్యంలో కాశ్మీర్‌లో ఉన్నాడు. అతనికి బ్యాలెట్ ఎలక్ట్రానిక్ పద్ధతిలో అక్కడికే వెళ్తుంది. ప్రింటు తీసుకుని, గుర్తు పెట్టి, పోస్టులో తిప్పి పంపుతాడు. లెక్కింపు రోజు ఉదయం ఎనిమిదిలోపు అందితే చాలు. యూనిఫాం వేసుకున్నవాడికి దూరం అడ్డు కాలేదు. కువైట్‌లో ఇళ్లు తుడిచి డబ్బు పంపే అమ్మాయికి మాత్రం విమానం టికెట్టు ధరే ఓటు ధర అయింది. ఇది న్యాయంగా లేదని నా అభిప్రాయం. ఎవరడిగినా ఇదే చెబుతాను.

నా మనసులో బాగా నిలిచింది ఇంకో ఇల్లు. పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయిన పెద్దమనిషి. మాట ముద్దగా వస్తుంది గానీ బుర్ర పాదరసం. తాను గుర్తు పెట్టలేకపోతే పద్దెనిమిది నిండిన ఒకరిని సాయంగా పెట్టుకోవచ్చు. కొడుకు అప్పటికే చొక్కా జేబులోంచి పెన్ను తీసి సిద్ధంగా కూర్చున్నాడు. నేను నియమం ప్రకారం ఆయన్నే అడిగాను: "ఎవరు సాయం చేయాలి సార్?" ఆయన కళ్లు కొడుకు మీంచి జరిగి, తలుపు దగ్గర నిలబడ్డ మనవరాలి మీద ఆగాయి. ఎడమ చెయ్యి ఎత్తి చూపించాడు. డిగ్రీ చదువుతున్న పిల్ల. వయసు కార్డు చూశాం. కొడుకు ముఖం మాడిపోయింది. "నాన్నా, దానికేం తెలుసు?" అన్నాడు. పెద్దాయన సమాధానం చెప్పలేదు, చెయ్యి కూడా దించలేదు. సాయం చేసేవాళ్లను ఎంచుకునే హక్కు ఓటరుది అని నేను రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆ అమ్మాయితో "తాతయ్య ఏది చూపిస్తే అది. బయటికొచ్చాక ఎవరికీ చెప్పకూడదు, మీ నాన్నగారికి కూడా" అన్నాను. "చెప్పనండి" అంది. వాళ్లిద్దరూ అట్ట వెనక్కి వంగారు. డిక్లరేషన్ మీద వేలిముద్రకు ఆయన ఎడమ బొటనవేలు తానే చాపాడు.

రిటైరైన హెడ్మాస్టరు ఒకరు మా కోసం తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. బూత్‌కే వెళ్దామనుకున్నారట, డాక్టరు వద్దన్నాడట. ఇంట్లో వేస్తే ఓటు వేసినట్టే ఉండదేమోనని ఆయన దిగులు. నేను హిమాచల్‌ శ్యామ్ శరణ్ నేగీ గురించి చెప్పాను. 1951లో కిన్నౌర్‌లో స్వతంత్ర భారత తొలి ఓటు వేసినవాడిగా పేరున్న ఆయనా బడిపంతులే. 2022 నవంబరు 2న కల్పాలోని ఇంట్లో పోస్టల్ బ్యాలెట్ మీద ఓటు వేసి, మూడు రోజులకు కన్నుమూశారు. "మాష్టారేనా!" అని ఈయన ముఖం వెలిగింది. 13డి అని ఓటరుకిచ్చే సూచనల కాగితం మా అందరికంటే శ్రద్ధగా చదివింది ఆయనే. కవరు జిగురు సరిగ్గా అంటలేదని చూపించి మళ్లీ అంటింపించారు.

తాళం వేసిన ఇళ్లూ తగిలాయి. కూతురింటికి రాజమండ్రి వెళ్లిందనో, ఆస్పత్రిలో ఉన్నారనో చెప్పేవాళ్లు. రెండోసారి వస్తామని చెప్పి వెళ్లేవాళ్లం. రెండోసారీ లేకపోతే అంతే. 12డి ఆమోదించగానే ఓటరు జాబితాలో పేరు పక్కన పీబీ అని పడుతుంది కాబట్టి తర్వాత బూత్‌కు వెళ్లినా ఓటు లేదు. ఈ సంగతి ఫారం తీసుకునేటప్పుడే గట్టిగా చెప్పాలి. చాలాచోట్ల ఇంట్లోవాళ్లకు తెలియదు.

రోజూ సాయంత్రం కవర్లు లెక్క చూసి, జాబితాతో సరిచూసి రిటర్నింగ్ ఆఫీసులో అప్పగించి రసీదు తీసుకునేవాళ్లం. అక్కడి నుంచి అవి స్ట్రాంగ్ రూంకు.

మా ఓటు సంగతి వేరు. ఎన్నికల డ్యూటీలో ఉన్నవాళ్లం ఫెసిలిటేషన్ సెంటర్లో వేశాం. ఇంతకుముందు మాకు బ్యాలెట్ ఇంటికే ఇచ్చేవాళ్లు. లెక్కింపు దాకా ఎప్పుడైనా పోస్టు చేయొచ్చు. అన్ని రోజులు బ్యాలెట్ బీరువాలో ఉంటే ఏమవుతుందో ఉద్యోగులందరికీ తెలుసు. కుల సంఘం పెద్ద వస్తాడు, యూనియన్ నాయకుడు వస్తాడు, "మాస్టారూ, మీ కవరు మేమే పోస్టు చేస్తాం లెండి" అంటాడు. 2023లో నిబంధన మార్చి, డ్యూటీలో ఉన్నవాళ్లు సెంటర్లోనే వేసి అక్కడే ఇచ్చేయాలన్నారు. ఎండలో బారు తీరి నిలబడ్డాం, తోపులాటలూ జరిగాయి. అయినా అది మంచి మార్పు. ముసలివాళ్ల ఇంట్లో మేం పది నిమిషాలు కాపలా కాసిన రహస్యమే, మాకు ఆ సెంటరు కాపలా కాసింది.

ఆ సెంటర్లలో కొన్ని డిక్లరేషన్ల మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం ఉంది గానీ పేరు, హోదా, సీలు లేవు. సంతకం ఉంటే చాలని రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారి చెప్పారు. వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ దాన్ని హైకోర్టులో సవాలు చేసింది. హైకోర్టు ఆ సవాలును ఒప్పుకోలేదు. లెక్కింపుకు ముందు రోజు, జూన్ 3న, సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోలేదు. ఓటరు తన వంతు అంతా సరిగ్గా చేసి, ఎదుటి అధికారి సీలు మర్చిపోతే ఆ ఓటు పోవాలనడం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు.

మర్నాడు నన్ను పోస్టల్ బ్యాలెట్ టేబుల్ దగ్గర కౌంటింగ్ అసిస్టెంటుగా కూర్చోబెట్టారు. ఎనిమిదింటికి ముందుగా మొదలయ్యేది ఇవే. ఒక కవర్లో 13ఏ లేదు. పట్టుకుని చూస్తే అది చిన్న కవర్లో బ్యాలెట్‌తో కలిపి అంటించినట్టు లావుగా తగులుతోంది. విప్పడానికి లేదు, పక్కకు పోయింది. ఇంకొకరు బ్యాలెట్ అడుగున నిండుగా సంతకం చేశారు. ఓటరెవరో తెలిసే ఏ గుర్తున్నా అది చెల్లదు. ఇవన్నీ చదువుకున్న ఉద్యోగుల కవర్లు. జీతం బిల్లులో పైసా తేడా వస్తే పట్టుకునేవాళ్లు. హోమ్ ఓటింగ్ కవర్లు వచ్చినప్పుడు నేను ఊపిరి బిగబట్టి చూశాను. మా టేబుల్ మీద ఒక్కటీ తిరగ్గొట్టలేదు. వేలిముద్రల డిక్లరేషన్లు ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే చేతులు వణికాయి.

12డి గురించి కూడా చెప్పాలి. నోటిఫికేషన్ ఏప్రిల్ 18న వచ్చింది. అక్కడి నుంచి ఐదు రోజుల్లో ఫారం అందాలి. మంచం పట్టిన మనిషికి కబురు తెలిసి, వైకల్యం సర్టిఫికెట్ వెతికి, కొడుకు పొలం నుంచి వచ్చి సంతకం పెట్టించే లోపే ఆ ఐదు రోజులూ అయిపోతాయి. మేం ఒక ఇంట్లో ఓటు వేయించి బయటికొస్తుంటే, పక్కింటాయన పరుగున వచ్చి "మా నాన్నకూ తొంభై దాటాయమ్మా, వచ్చారు కదా, ఒక్క బ్యాలెట్ ఆయనకీ ఇవ్వండి" అని అడిగాడు. లోపల పెద్దాయన మా మాటలు వింటూ మంచం మీద లేచి కూర్చున్నారు. మా దగ్గర బ్యాలెట్లున్నాయి, ఆయన పేరు మీద లేదు. బీఎల్ఓలు నోటిఫికేషన్‌కు నెల ముందే ఇల్లిల్లూ తిరిగి ఆ ఫారం చేతికిస్తే ఈ మాట ఎవరికీ చెప్పనక్కర్లేదు. పదమూడో తేదీ మధ్యాహ్నం ఆ ఊరి బీఎల్ఓ ఫోన్ చేసింది. ఆయన్ని ఇద్దరు కొడుకులు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి బడి దాకా మోసుకొచ్చారట. ఓటేసి, వచ్చేసారి ఫారం తనకు ముందుగా పంపమని నాకు చెప్పమన్నారట.